కవరు కట్టిన బంతి

ఐదో పీరియడు గంట కొట్టారు, ఆ మోత నెమ్మదిగా ఇనుములోకే ఇంకిపోయింది, నేను మాత్రం ఆటసామాను గదిలో చాపల చుట్ట మీద కూర్చునే ఉన్నాను. రబ్బరు వాసన, తడిసి ఆరిన వలల వాసన, మూలనున్న సున్నం బస్తా వాసన, మూడూ కలిసి నా ముక్కులో కాపురం పెట్టేశాయి. గోడకు అటువైపు హెడ్ మేడమ్ గది. అందులో పరీక్ష సారు భోంచేస్తున్నాడు. వేరే కాలేజీ నుంచి వచ్చాడాయన, పొద్దున కారు దిగుతుంటే మా బ్యాచి అంతా ఎడంగా నిలబడి, పశువుల డాక్టరు వచ్చినప్పుడు మా ఊళ్ళో జనం చూసినట్టు, ఏ గేదెను పట్టుకుంటాడో అని చూశాం. ఆరో పీరియడులో నేను ఎనిమిదో తరగతి ఆడపిల్లల చేత ఆట ఆడించాలి, ఆయన కుర్చీలో కూర్చుని చూడాలి, చూసి మార్కులు వెయ్యాలి. గట్టెక్కితే ఈ ఏడే నేనొక బడిలో వ్యాయామం టీచర్ని, లేకపోతే ఇంకో ఏడాది మా నాన్న మొహం ఎదురుగా కూర్చుని అన్నం తినాలి. స్పూను కంచానికి తగిలిన చప్పుడు, వెనకాలే ఆయన నవ్వు. నవ్వేవాళ్ళు మార్కులు బాగా వేస్తారని మా సీనియర్ల నమ్మకం, అయితే తింటూ నవ్వింది లెక్కలోకి వస్తుందో రాదో ఎవరూ చెప్పలేదు. నా కాళ్ళ దగ్గర రెండు బంతులున్నాయి. ఒకటి మామూలుది. రెండోదీ మామూలుదే గానీ దాన్ని పలచటి పాలిథిన్ కవర్లో పెట్టి మూతి ముడేశాను, దొర్లిస్తే గరగరమంటుంది, చూపులేని పిల్లకు బంతి ఎటునుంచి వస్తోందో వినపడాలని. ఏ బంతి పట్టుకుని బయటికి పోవాలో ఇంకా తేల్చుకోలేదు. కాలి బొటనవేలితో కవరు బంతిని కొంచెం నెట్టాను. గరగరమంది, గోడకు తగిలి ఆగింది. పక్క తరగతిలో ఎక్కాలు అప్పజెబుతున్నారు, ఒక గొంతు ప్రతిసారీ అందరికన్నా ఒక మాట వెనక పడుతోంది, మిగతావాళ్ళు ఆగిపోయాక దాని మాట ఒక్కటే ఒంటరిగా మిగులుతోంది.

ఆ చూపులేని పిల్లను ఎనిమిదో తరగతిలో అందరూ లాకరు అంటారు. పేరు వేరే ఉంది, హాజరు పిలిచేటప్పుడు తప్ప దానితో పని లేదు. ఆటల పీరియడు రాగానే సైకిల్ షెడ్డు మెట్టు మీద ఆ పిల్ల బాసింపట్టు వేసి కూర్చుంటుంది, గౌను ఒడిలా పరుస్తుంది, ఇక మిగతావాళ్ళు వరసగా వచ్చి క్లిప్పులు, గాజులు, చెవి రింగులు, కళ్ళజోళ్ళు, రబ్బరు బ్యాండ్లు అన్నీ అందులో వేసి గ్రౌండులోకి పరిగెడతారు. పీరియడు అయ్యాక చెయ్యి చాపితే ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తుంది, పొరపాటు పడదు, ఒకసారి తరగతిలో పొడుగు పిల్ల ఒకతి కావాలని వేరేవాళ్ళ క్లిప్పు అడిగితే ఆ చేతిమీద చెళ్ళున ఒకటి వేసి, నీది పళ్ళూడిపోయిన క్లిప్పు కదే, ఇది మంచిది, అంది. ఈ బడికి నేను వచ్చిన మొదటి రోజు, కొత్త మేడమా, వాచీ ఇవ్వండి మేడమ్ చెమటకు పాడవుతుంది, అని చెయ్యి చాపింది నాకు. ఇచ్చాను. నాకు ముచ్చటేసింది కూడా, ఎంత చక్కగా ఈ పిల్లకొక పని కల్పించారు, ఈ బళ్ళో మనసున్న వాళ్ళు ఉన్నారు, అనుకున్నాను. అప్పట్నుంచి రోజూ నా వాచీ ఆ ఒడిలోకే వెళుతోంది. మధ్యమధ్యలో అటు చూస్తుంటాను. నీడలో కూర్చుని ఉంటుంది, తల కొంచెం పక్కకు వాల్చి, బుగ్గలో ఏదో పెట్టుకుని చప్పరిస్తూ, గ్రౌండులో కేకలు వినపడ్డప్పుడల్లా ఒక నిట్టూర్పు వదులుతూ. ఆ నిట్టూర్పే నన్ను పట్టుకుంది. అందరూ ఆడుతుంటే ఒక్కతే కూర్చుని ఏడుపు మింగుకుంటోంది అనుకున్నాను. రాత్రి పక్క మీద పడుకున్నా చెవిలో అదే. అందుకే కవరు కొన్నాను. అందుకే నిన్న సాయంత్రం గీత గియ్యాల్సిన చోట ముందు నులకతాడు పరిచి, మేకులు దిగేసి, దానిమీద సున్నం పోశాను, చూపున్న వాళ్ళకు తెల్లగా కనపడుతుంది, లేనివాళ్ళకు కాలికింద తగులుతుంది. ఆట సులువే, రెండు జట్లు రెండు గీతల మీద ఎదురెదురుగా, బంతిని నేలమీద దొర్లించాలి, అవతలి గీత దాటితే పాయింటు, దాటకుండా పడో లేచో ఆపాలి, ఆ కాసేపు ఎవరూ నోరు మెదపకూడదు. ఎనిమిదో తరగతి ఆడపిల్లల చేత నోరు మూయించడం దాకా వచ్చేసరికి ఈ ఆటలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఏదో నాకే అర్థమైంది.

తాడు పరుస్తుంటే డ్రిల్లు మాస్టారు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఈ బడి గ్రౌండు ఆయనది, రిటైరవడానికి దగ్గర్లో ఉన్నాడు, మెడలో ఈల తాడు చొక్కాతో పాటే పుట్టినట్టుంటుంది. ఏంటమ్మాయ్, పందిరి వేస్తున్నావా, అన్నాడు. చెప్పాను. చెప్పు మొనతో తాడును ఒకచోట తొక్కి చూశాడు. ఆ పిల్లను షెడ్డు మెట్టు మీద కూర్చోబెట్టి చేతికి ఈల ఇవ్వు తల్లీ, మొదలుపెట్టేటప్పుడు ఒకసారి ఊదుతుంది, ఆపేటప్పుడు ఒకసారి ఊదుతుంది, సారుకి కూడా కళ్ళు చెమరుస్తాయి, పదికి తొమ్మిది వేసి పోతాడు, అన్నాడు. ఆయన వెక్కిరింపుకి అనలేదు, నా మేలు కోరే అన్నాడు. పడితేనో, అన్నాడు మళ్ళీ. పడితే లేస్తుంది మాస్టారూ. లేస్తుంది సరే, వాళ్ళమ్మ వచ్చి నిన్ను పడేస్తుంది. ఇన్నేళ్ళ సర్వీసులో నా గ్రౌండులో అలాంటి పిల్ల ఒక్కర్తికీ గీరుకుపోలేదు, ఎందుకో చెప్పనా, ఒక్కర్తినీ దిగనివ్వలేదు. అని ఆయనే నవ్వాడు, నవ్వి ఆ నవ్వు తనకే నచ్చనట్టు మొహం అటు తిప్పుకుని, సున్నం ఇంకొంచెం పొయ్యి, తాడు కనపడుతోంది, అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో రెండూ ఉన్నాయి, వద్దని చెప్పడమూ ఉంది, చేస్తే శుభ్రంగా చెయ్యమనడమూ ఉంది. పెద్దవాళ్ళు ఇలాగే మాట్లాడతారు, రేపు ఏది జరిగినా, నేను ముందే చెప్పానుగా అనడానికి వీలుగా.

గోడ అవతల కుర్చీ జరిపిన చప్పుడు, నా గుండె కూడా ఒకడుగు జరిగింది, కానీ లేచింది హెడ్ మేడమ్ అయ్యుంటుంది, సారు గొంతు ఇంకా కూర్చున్న ఎత్తులోంచే వస్తోంది, పెరుగు వద్దండీ అంటున్నాడు, వేస్తే తింటాను అన్నట్టు. మామూలు బంతి చేతిలోకి తీసుకున్నాను. బరువు తెలిసిన బంతి, దీంతో పోతే ఏ ఇబ్బందీ లేదు. ఇలాంటి పిల్లల గురించి మా కాలేజీలో ఒక పాఠం ఉంది నిజానికి, పుస్తకం చివర్లో, పరీక్షకు ముందు హడావుడిగా తిప్పే పేజీల్లో. కాలేజీ మేడమ్ అందరికీ ఒక ప్రయోగం పెట్టింది. కళ్ళకు గంతలు కట్టి, హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడవమంది, దారిలో కుర్చీలు అడ్డం పెట్టి. మా బ్యాచిలో కండలు అని ఒకడున్నాడు, మెడ భుజం ఒకటే, బరువులెత్తడంలో బోలెడు పతకాలు. వాడు గంతలు కట్టుకోగానే కాళ్ళు కుక్కిమంచంలో ఇరుక్కున్నట్టు అక్కడే ఆగిపోయాడు. గోడ దొరికాక దాన్ని కావిలించుకుని ఇక వదల్లేదు. గంతలు విప్పితే కళ్ళనిండా నీళ్ళు. ఎలా బతుకుతార్రా వాళ్ళు, పాపం, అన్నాడు. అందరం అదే అన్నాం, నేనూ అన్నాను, బట్ట బిగుతుకి కళ్ళు మండుతున్నాయి, ఆ మంట కూడా జాలే అనుకున్నాం. వాళ్ళ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి అని ఒకమ్మాయి లేచి చెప్పింది, మేడమ్ సంతోషించింది, చప్పట్లు కొట్టాం, టీ తాగాం. తర్వాత అలాంటి పిల్లలు మీ తరగతిలో ఉంటే ఏం చేస్తారు అని మేడమ్ అడిగితే, హాలంతా ఒకే గొంతు, జాగ్రత్తగా చూసుకుంటాం మేడమ్. ఆడిస్తారా అని అడిగితే మాత్రం ఎవరి చెప్పులు వాళ్ళు చూసుకున్నాం. కండలు ఒక్కడు నిజం చెప్పాడు, నా వల్ల కాదు మేడమ్, ఇందాక నాకే ప్రాణం పోయింది. అదీ మేము నేర్చుకుంది. మొదటిసారి బావిలో పడి నీళ్ళు మింగి పైకొచ్చినవాడు గట్టు మీద కూర్చుని, అయ్యో చేపలు రోజూ ఎంత అవస్థ పడుతున్నాయో అని ఏడ్చినట్టు. చీకట్లో మొదటి ఐదు నిమిషాలు ఎలా ఉంటాయో మాకు తెలిసింది, ఆ ఐదు నిమిషాల్లోనే వాళ్ళు బతుకంతా ఉంటారనుకున్నాం. లాకరు మొదటి ఐదు నిమిషాలు ఎప్పుడో ఉయ్యాల్లోనే అయిపోయి ఉంటాయి. ఆ పిల్ల బడి మెట్లు దిగుతుంటే చూశాను, పక్కనున్న స్నేహితురాలి మోచెయ్యి పట్టుకుని, ఆ స్నేహితురాలే తడబడుతుంది, ఈ పిల్ల తిట్టుకుంటూ దాన్ని లాక్కుపోతుంది.

ఇదంతా ఇక్కడ చాపల మీద కూర్చుని అనుకోవడానికి బాగానే ఉంది. తూనిక వేసి చూస్తే నా దగ్గర జాలి తక్కువ, భయం ఎక్కువ. నిరుడు మా సీనియరక్క ఇలాగే పరీక్ష పాఠం చెప్తుంటే, మంచి చూపున్న పిల్లాడు, రెండు కళ్ళూ నిక్షేపంగా ఉన్నవాడు, పట్టపగలు, వెనక్కి పరిగెత్తుతూ స్తంభానికి కొట్టుకున్నాడు. ముందు పన్ను విరిగింది. అప్పటి పరీక్ష సారు ఆ పన్ను కాలి దగ్గర పడితే చూసి కాళ్ళు పైకి పెట్టుకున్నాడట. అక్క ఫెయిలు. ఈ ఏడాది మళ్ళీ రాస్తోంది, మధ్యలో ఒక బట్టల కొట్టులో చీరలు విప్పి చూపిస్తోంది, చేతులు మాత్రం ఇంకా ఆటగత్తె చేతులే, చీర విసిరితే బల్ల ఆ చివర దాకా పోతుందట. చూపున్నవాడి పన్నుకే అంత అయితే. లాకరు గీత దాటి పోయి ఎవరికో తగిలి, లేదా మేకు, మేకులు అన్నీ తలదాకా దిగాయా, ఒకటి, అటు చివరిది, రాయి తగిలి వంగింది, మళ్ళీ కొట్టాను, కొట్టానా. కొట్టాను. దానిమీద మట్టి కప్పాను కూడా. అరచేతుల్లో చెమట, బంతికి అంటుకుంది, తుడిచాను, రబ్బరు మీద నా వేళ్ళ గుర్తులు కాసేపుండి ఆరిపోయాయి. బల్లి ఒకటి వల మీదినుంచి గోడ మీదికి వెళ్ళి, నావైపు చూసి, నా వల్ల దానికేమీ ఒరగదని తేల్చుకుని ట్యూబులైటు వెనక్కి పోయింది.

మా చిన్నాన్నకు పొద్దున ఫోను చేశాను. నాన్నకు చెయ్యలేదు, నాన్న ఫోను ఎత్తితే ముందు ఫలితం అడుగుతాడు, పరీక్ష ఇంకా అవలేదంటే ఎందుకవలేదంటాడు. చిన్నాన్నకు చిన్నప్పుడు జ్వరమొచ్చి ఒక కాలు పుల్లలా మిగిలిపోయింది. పొలంలో ఆ కాలు ఏ పనికీ అడ్డం రాలేదు, మోకాటి మీద చెయ్యి ఆనించుకుని నడుస్తూ గట్లు చెక్కుతాడు, మందు కొడతాడు, ట్రాక్టరు తోలతాడు. సాయంత్రం మా ఊరి బడి వెనక ఖాళీ స్థలంలో వాలీబాలు మొదలైతే మాత్రం ఆయన చేతికి ఈల ఇచ్చి ఎత్తు స్టూలు మీదికి ఎక్కించేవాళ్ళు. జీవితమంతా రిఫరీయే. పక్క ఊళ్ళ వాళ్ళు కూడా పిలుచుకుపోయేవాళ్ళు, అంత న్యాయంగా చెప్తాడని పేరు. ఒక్క మా నాన్న విషయంలో తప్ప. మా నాన్న కొట్టిన బంతి గీతకు జానెడు లోపల పడినా, అవుట్. నాన్న గీత మీద కూర్చుని మట్టి మీది గుర్తు వేలితో చూపించేవాడు, చిన్నాన్న స్టూలు మీదినుంచి ఆకాశం చూసేవాడు. ఇంటికొచ్చాక మా అమ్మ ఇద్దరికీ అన్నం పెడుతూ, ఈ పూట ఎవరు అవుటు, అని అడిగేది. అన్నదమ్ముల మధ్య ఏం పాత పగలున్నాయో అనుకునేవాళ్ళం పిల్లలం. పొద్దున ఫోనులో ఈ పిల్ల సంగతి, కవరు సంగతి, తాడు సంగతి అంతా చెప్పాను, చెప్పి, డ్రిల్లు మాస్టారు ఈల ఇవ్వమంటున్నాడు చిన్నాన్నా, అన్నాను. అటువైపు ట్రాక్టరు ఆగిన చప్పుడు. నాకు ఈల ఎందుకిచ్చారో తెలుసామ్మా, అన్నాడు. నువ్వు న్యాయంగా చెప్తావని. న్యాయం నా మొహం, ఊరికే పక్కన కూర్చుంటే వాళ్ళకి ఆడబుద్ధయ్యేది కాదు, అందుకని ఏదో ఒకటి చేతిలో పెట్టారు. మరి నీకు బాధనిపించలేదా. బాధేముంది, స్టూలు మీద గాలి బాగా వచ్చేది. ఎక్కించేటప్పుడు నలుగురూ పట్టుకుని ఎక్కించారు. ఇన్నేళ్ళలో, ఒరేయ్ కుంటి సన్నాసీ, చాల్లే కూర్చున్నది, దిగి రా ఒక సర్వీసు చెయ్యి అని ఒక్కడూ తిట్టలేదు. మీ నాన్న అంటాడేమో అని చూశాను, వాడూ అనలేదు. అందుకే వాడికి అవుటిచ్చేవాణ్ణి. అని నవ్వి, ఆ పిల్ల ఏమంటుంది, అన్నాడు. ఏ పిల్ల. అదేనమ్మా, లాకరో బీరువానో. అడగలేదు చిన్నాన్నా. సర్లే, అని ట్రాక్టరు స్టార్టు చేశాడు, ఇక ఏం చెప్పినా వినపడలేదు, ఆయనకు కావలసింది కూడా అదే అనుకుంటా.

అడగలేదు. తాడు కొన్నాను, మేకులు కొన్నాను, కవర్లు మూడు రకాలు దొర్లించి చూసి బాగా చప్పుడు చేసేది ఏరుకున్నాను. మాస్టారుని అడిగాను, చిన్నాన్నని అడిగాను, కండలుకి ఫోను చేస్తే నీకు పిచ్చా అన్నాడు. ఆ మెట్టు దగ్గరికి పోయి పక్కన కూర్చుని, ఏమే, ఆడతావా, అని అడగడానికి మాత్రం ఎందుకో ఒక్క రోజూ తీరలేదు. రోజూ వాచీ ఇవ్వడానికి తీరింది. ఆడతానంటుందని తెలుసు కదా, ఆ నిట్టూర్పు విన్నాక ఇంక అడిగేదేముంది, అనుకున్నాను. గోడ అవతల చేతులు కడుగుతున్న చప్పుడు, కుళాయి దగ్గర పుక్కిలింత, తువ్వాలు ఎక్కడుందండీ, ఇదిగోనండీ. గంట కొట్టేశారు. లేచాను, మోకాళ్ళకు సున్నం, దులిపాను. మామూలు బంతి చంకలో ఉంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, దాన్ని నేలమీద పెట్టి, కవరు బంతి తీసుకున్నాను. ధైర్యం వచ్చి కాదు. మూతి ముడి అంత కష్టపడి వేశాక మళ్ళీ విప్పబుద్ధి కాలేదు, అంతే అయ్యుంటుంది, మనిషి చేసే మంచి పనుల్లో ఇలాంటివే ఎక్కువేమో.

బయట ఎండ మెత్తబడింది. పిల్లలు అప్పటికే మెట్టు ముందు గుమిగూడి ఒంటి మీది సొమ్ములన్నీ విప్పుతున్నారు. లాకరు ఒడి నిండుతోంది. నేనూ అలవాటుగా వాచీ విప్పి ఇచ్చాను, ఇచ్చాక గాని తెలియలేదు ఇచ్చానని. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి షెడ్డు నీడలోనే వేశారు, ఆ పిల్లకు కొంచెం కుడివైపు, పరీక్ష సారు అందులో తృప్తిగా కూర్చున్నాడు, ఒడిలో మార్కుల అట్ట, జేబులో పెన్ను. డ్రిల్లు మాస్టారు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు, నావైపు చూడకుండా. నేను లాకరు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. దీనికోసం మాటలు ముందే తయారుచేసుకున్నాను, మెత్తటి మాటలు, బట్టలకొట్టులో అక్క చీర విప్పినట్టు ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చాను. చూడమ్మా, ఈ రోజు ఆట నీకు కూడా, ఈ బంతి చప్పుడు చేస్తుంది, గీత కాలికి తగులుతుంది, నీకు ఇష్టమైతేనే, బలవంతం ఏమీ లేదు. బంతి చెవి దగ్గర ఆడించాను, గరగర. ఆ పిల్ల బుగ్గలో ఉన్నదాన్ని అటునుంచి ఇటు మార్చుకుంది, పిప్పరమెంటు వాసన గుప్పున కొట్టింది. వద్దులెండి మేడమ్, అంది. ఎందుకు. కాళ్ళు నొప్పులు. నిన్న బాగానే ఉన్నాయిగా. నిన్న కూడా నొప్పులే, చెప్పలేదు. ఏ కాలు. కొంచెం ఆలోచించింది. రెండూ. వెనకనుంచి పొడుగు పిల్ల కిసుక్కున నవ్వింది. అబ్బా మేడమ్, దానికి నొప్పీ లేదు గిప్పీ లేదు, ఒళ్ళు బద్ధకం. లాకరు తల తిప్పి, నువ్వు మూసుకోవే పళ్ళూడిన క్లిప్పూ, అని, మళ్ళీ నాకోసం గొంతు నీరసంగా మార్చుకుని, ఎండగా కూడా ఉంది మేడమ్, అంటూ ఒక నిట్టూర్పు వదిలింది. అదే నిట్టూర్పు. దగ్గరనుంచి వింటే అది ఆవులింత. సగంలో నోరు మూసేసిన ఆవులింత, ఇన్నాళ్ళూ నా నిద్ర పాడుచేసిన ఏడుపు ఇదే.

వదిలెయ్యమ్మా, అన్నాడు పరీక్ష సారు కుర్చీలోంచి, గొంతులో భోజనం తాలూకు దయ ఉంది, పాపం, కూర్చోనీ, నువ్వడిగావుగా, అది చాలు, నేను చూశాను. చాలట. ఆయన పెన్ను తీశాడు కూడా. ఇప్పుడు లేచి, సరేనమ్మా అని దాని తల నిమిరి, మిగతావాళ్ళ చేత ఆడించేస్తే పదికి తొమ్మిది. తాడు పరిచినందుకు ఒకటి, కవరుకు ఒకటి, మోకాళ్ళ మీద కూర్చున్నందుకు రెండు. మోకాలి కింద చిన్న గులకరాయి ఉంది, నొక్కుతోంది. కాళ్ళు నొప్పి అని పొడుగు పిల్ల రోజూ అంటుంది, కడుపునొప్పి అని ఇంకోటి, చెప్పు తెగిందని ఒకటి, మా ఇంట్లో నేను కూడా నాట్లు ఉన్న రోజే తలనొప్పి అనేదాన్ని, మా అమ్మ ఏమనేది, లే, అనేది, ఆ మాటలో నిమరడం ఏమీ ఉండేది కాదు. పొడుగు పిల్లను నేనేమంటాను రోజూ. స్టూలు మీద గాలి బాగా వచ్చేది. గీత కింద తాడు, తాడు కింద మేకులు, చివరి మేకు కొట్టాను. సారు కాళ్ళు నేలమీద తాపీగా ఉన్నాయి, నల్ల బూట్లు, వాటి దగ్గర పన్ను ఏమీ లేదు, ఇంకా లేదు. నా గొంతు నాకు వినపడింది, తయారుచేసుకున్న గొంతు కాదు, రోజూ గ్రౌండులో వాడేది, కొంచెం బొంగురుది. కాళ్ళు నొప్పులైతే నడిస్తే పోతాయి. వంకలు నా దగ్గర కాదు, చాల్లే కూర్చున్నది. నోట్లోది మింగు. లే.

పిల్లల చప్పుడు ఆగిపోయింది. లాకరు నోరు తెరుచుకుంది, నాలుక మీద పిప్పరమెంటు తెల్లగా, సగం అరిగింది. డ్రిల్లు మాస్టారు స్తంభం వదిలి నిటారుగా నిలబడ్డాడు. ఎంతసేపో తెలియదు, వాచీ ఆ ఒడిలో ఉంది. మేడమ్, అంది ఆ పిల్ల, నన్నేనా. నిన్నే. ఇంకెవరు కూర్చున్నారు ఇక్కడ. కటుక్కున కొరికి మింగింది. అవమానమో, కోపమో, మొహం ఎర్రబడింది, ఆ ఎరుపు కింద మూతి ఒక పక్కకు వంకర పోయింది, నవ్వు రాబోయి ఆగినట్టు. మా ఇంట్లో చెప్తాను, అంది. చెప్పు. మరి ఇవెవరు చూస్తారు, అంది ఒడి రెండు అంచులూ పైకెత్తి పట్టుకుని, లోపల గాజులు గలగలమన్నాయి, ఖాళీగా ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా. అడగ్గానే నా నోట్లోంచి జారిపోయింది, కుడివైపు కుర్చీలో సారున్నారు. మూట మోసుకున్నట్టు లేచి, కాలితో మెట్టు అంచు చూసుకుని దిగి, అటు నడిచింది. కుర్చీ కాలు తగలగానే ఆగి, సార్, ఒడి పట్టండి, అంది. ఆయన ఏదో అనబోయాడు, అయితే ఆ పిల్ల అప్పటికే వంచేసింది, ఆయన కంగారుగా మోకాళ్ళు దగ్గరికి చేర్చి రెండు చేతులూ అడ్డం పెట్టాడు, అట్ట జారి కింద పడింది, దాని మీద పెన్ను. కళ్ళజోడు పైన ఉంది సార్, కదిలితే పగులుతుంది, అంది ఆ పిల్ల, కిందటేడు ఒకటి పగిలితే పెద్ద గొడవైంది. అని ఒడి దులుపుకుని వచ్చేసింది.

గీత మీద నిలబడి కాలితో తాడు వెతుక్కుంది, దొరికాక దానిమీద బొటనవేలు ఆనించి, ఇదా, అంది, అంతకుమించి ఏమీ అనలేదు. ఈల ఊదాను. బంతి గరగరలాడుతూ వచ్చింది. లాకరు ఎడమవైపు పడాల్సింది కుడివైపు పడింది, బంతి పక్కనుంచి దర్జాగా గీత దాటి పోయింది. అవతలి జట్టు ఎగిరింది. మోచెయ్యి గీరుకుపోయింది, ఇక్కడికే కనపడుతోంది ఎర్రగా. నా కాళ్ళు ముందుకు కదలబోయాయి, ఆపాను. అయ్యో అని అనడానికి ఎవరో నోరు తెరిచేలోపే పొడుగు పిల్ల అందుకుంది, పాయింటు పోగొట్టావు కదే మొద్దూ, చూసుకోవద్దా. లాకరు మట్టిలోంచి తలెత్తి, నువ్వు నా చెవిలో గస పోస్తుంటే ఏం వినపడుతుంది, గేదెలాగా, అవతలికి జరుగు. ఇద్దరూ తిట్టుకుంటున్నారు. తిట్టుకుంటూనే జరిగారు. రెండో బంతి వచ్చింది, వాళ్ళు నోరు మూశారు, అదొక వింత. డ్రిల్లు మాస్టారు మెల్లిగా నా పక్కకు వచ్చి నిలబడి, సున్నం ఆ మూల పలచబడింది, అన్నాడు, ఈసారి ఇంకేమీ కలపలేదు. షెడ్డువైపు చూశాను. పరీక్ష సారు మోకాళ్ళు దగ్గరికి చేర్చుకుని, రెండు చేతులూ దోనెలా పట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు, క్లిప్పులు, గాజులు, రింగులు, నా వాచీ, అన్నిటి పైనా వెల్లకిలా కళ్ళజోడు. అట్ట కాళ్ళ దగ్గర బోర్లా పడి ఉంది. నేను పాసో ఫెయిలో రాయాలంటే వంగి అది తియ్యాలి, వంగాలంటే ముందు ఈ సామానంతా ఎవరి ఒడిలోనైనా పెట్టాలి. ఆయన చుట్టూ చూశాడు. కూర్చున్నవాళ్ళు ఇంకెవరూ లేరు.